పాత బస్సుల పూర్వమార్గ యాత్రలు: స్మృతి, అనుకరణ, అవసరం – ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
సేవ నుంచి తొలగించిన పాత బస్సులను అభిమానులు సొంత ఖర్చుతో కాపాడి, అవి ఒకప్పుడు తిరిగిన మార్గాల మీదనే ఏడాదికొకరోజు మళ్ళీ నడిపే ఆచారం బ్రిటన్‌లో స్థిరపడింది. ఈ యాత్రలు పరిరక్షిస్తున్నది వాహనాన్నా, మార్గాన్నా, లేక ఆ మార్గం మీద బతికిన మనుషుల స్మృతినా అన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న. శంకుకుని చిత్రతురగ న్యాయాన్ని విమర్శ పరికరంగా గ్రహించి, లండన్ నగర మార్గాల పునఃప్రదర్శనను, విల్ట్‌షైర్‌లోని ఇంబర్ గ్రామానికి నడిచే ఒక్కరోజు బస్సు సేవను తులనాత్మకంగా పరిశీలించడం జరిగింది. పూర్వరూపానికి ఎంత విధేయంగా ఉన్నదన్న దానికంటే, మార్గం వెనుక ఉన్న అవసరాన్ని ఎంతవరకు కళ్ళకు కట్టిందన్నదే ఇటువంటి యాత్రలకు సరైన గీటురాయి అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సంరక్షిత బస్సులు, పూర్వమార్గ యాత్ర, రూట్‌మాస్టర్, ఇంబర్, చిత్రతురగ న్యాయం, గతకాలపు మమకారం, సాంస్కృతిక స్మృతి.

1. ప్రవేశిక:

వస్తువు పాతబడితే పారవేయడం లోకరీతి. పారవేసిన వస్తువును కొందరు తిరిగి తెచ్చుకొని దాచుకోవడమూ లోకరీతే. ఈ రెండింటికీ మధ్య మూడవ స్థితి ఒకటి ఉంది. దాచిన వస్తువును దాని పూర్వపు పనిలోనే మళ్ళీ నిలబెట్టి చూడాలన్న కోరిక ఈ స్థితికి మూలం. బ్రిటన్‌లో పాత బస్సుల అభిమానులు నిర్వహించే ‘రన్నింగ్ డే’లు ఈ కోరిక నుంచి పుట్టినవే.

వీటి నిర్మాణం సులభంగా అర్థమవుతుంది. ఒక మ్యూజియం గానీ, అభిమానుల సంఘం గానీ ఒక తేదీని, ఒక మార్గాన్ని ప్రకటిస్తుంది. ఆ మార్గంలో వెనుకటికి నడిచిన రకం బస్సుల యజమానులు తమ వాహనాలతో అక్కడికి చేరుకుంటారు. పాత వేళల పట్టికను ఆధారంగా చేసుకొని ఆ రోజుకు ప్రత్యేక పట్టికను అచ్చు వేస్తారు. బస్సు నుదుట నాటి మార్గం నంబరు, నాటి ఊళ్ళ పేర్లు ఉన్న గుడ్డచుట్ట బోర్డును తిప్పి నిలుపుతారు. కొన్నిచోట్ల కండక్టర్ వేషంలో ఉన్న స్వచ్ఛంద కార్యకర్త నడుముకు గిబ్సన్ టికెట్ యంత్రం కట్టుకొని, మర తిప్పి చిన్న కాగితపు చీటీ చింపి ఇస్తాడు. గంట ఒకసారి మోగితే తర్వాతి స్టాపులో ఆగమని, రెండుసార్లు మోగితే కదలమని, మూడుసార్లు మోగితే బస్సు నిండిపోయిందని అర్థం. ఈ గంటల భాష కూడా ఆ రోజుకు తిరిగి ప్రాణం పోసుకుంటుంది.

వచ్చినవారిలో చాలామందికి చేరవలసిన ఊరు ఉండదు. మార్గం చివరిదాకా వెళ్ళి, మరో బస్సెక్కి మొదటికి వస్తారు. దీన్ని వినోదమని తేలికగా తీసివేయడం సులభం. కానీ వేలాది గంటల శ్రమను, సొంత ధనాన్ని వెచ్చించి ఒక సమాజం గతాన్ని ఇలా ప్రదర్శించుకుంటున్నప్పుడు, ఆ ప్రదర్శనలో ఏది చేరింది, ఏది జారిపోయింది అని అడగడం సంస్కృతీ విమర్శ బాధ్యత.

2. మార్గం – అమూర్త వారసత్వం:

బస్సును కాపాడడం వేరు, బస్సు మార్గాన్ని కాపాడడం వేరు. ఈ భేదం రైలుతో పోల్చినప్పుడు స్పష్టమవుతుంది. 1951లో వేల్స్‌లోని టాలిలిన్ రైలుమార్గాన్ని స్వచ్ఛంద కార్యకర్తలు చేపట్టి నడపడంతో రైలుమార్గ పరిరక్షణోద్యమం మొదలైంది. అక్కడ వారి చేతికి వచ్చినవి పట్టాలు, వంతెనలు, స్టేషన్లు. రైలుమార్గం భూమి మీద గీసిన గీత. రైలు ఆగిపోయినా ఆ గీత కొంతకాలం నిలిచి ఉంటుంది.

బస్సు మార్గానికి ఆ భాగ్యం లేదు. రోడ్డు అందరిదీ. బస్సు ఆగిపోయినా రోడ్డు అలాగే ఉంటుంది, దాని మీద వేరే వాహనాలు తిరుగుతాయి. మార్గమంటే ఒక నంబరు, కొన్ని స్టాపులు, ఒక వేళల పట్టిక, వీటన్నింటి మీద జనం పెట్టుకున్న నమ్మకం. ఎనిమిది గంటలకు బస్సు వస్తుందన్న నమ్మకంతో ఒక మనిషి స్టాపులో నిలుచుంటే అక్కడ మార్గం ఉన్నట్టు. ఆ నమ్మకం పోయిన రోజున, తారు రోడ్డు చెక్కుచెదరకున్నా మార్గం లేనట్టే.

కాబట్టి మార్గాన్ని మ్యూజియంలో దాచడం కుదరదు. సర్రేలోని బ్రూక్‌లాండ్స్‌లో ఉన్న లండన్ బస్ మ్యూజియంలో బస్సులను చూడవచ్చు, ఎక్కి కూర్చోవచ్చు. కానీ వాటి మార్గాలు అక్కడ బోర్డుల మీది అక్షరాలుగా మాత్రమే మిగులుతాయి. మార్గాన్ని కాపాడాలంటే నడపడం ఒక్కటే దారి. యునెస్కో 2003లో ఆమోదించిన అమూర్త సాంస్కృతిక వారసత్వ పరిరక్షణ ఒప్పందం ప్రదర్శన కళలను, ఆచారాలను వస్తువుల నుంచి వేరు చేసి గుర్తించింది. ఆ జాబితాలో బస్సు మార్గాలకు చోటు ఉందని చెప్పడం ఇక్కడి ఉద్దేశం కాదు. స్వభావరీత్యా మార్గం ఆ కోవకు దగ్గరగా ఉంటుందన్నదే గమనించవలసిన విషయం. తాళపత్రంలో భద్రంగా ఉన్న యక్షగానానికీ, రంగం మీద ఆడుతున్న యక్షగానానికీ మధ్య ఉన్న దూరమే షెడ్డులోని బస్సుకూ, మార్గం మీది బస్సుకూ మధ్య ఉంది.

ఈ దృష్టితో చూస్తే పూర్వమార్గ యాత్ర ఒక ప్రదర్శన. ప్రదర్శన అయినప్పుడు అనుకరణను గురించిన చర్చ అనివార్యం.

3. చిత్రతురగ న్యాయం – ఒక అన్వయం:

భరతుని రససూత్రానికి శ్రీశంకుకుడు చెప్పిన వ్యాఖ్యానం అభినవభారతి ద్వారా మనకు తెలుస్తున్నది. రంగం మీది నటుణ్ణి రామునిగా ప్రేక్షకుడు గ్రహించే తీరును వివరించడానికి ఆయన బొమ్మగుర్రాన్ని ఉదాహరణగా తీసుకున్నాడు. చిత్రంలోని గుర్రాన్ని చూసి ‘ఇది గుర్రం’ అంటాము. ఆ జ్ఞానం సమ్యక్ జ్ఞానం కాదు, మిథ్యాజ్ఞానమూ కాదు. సంశయమూ కాదు, కేవల సాదృశ్యబుద్ధీ కాదు. నాలుగింటికీ భిన్నమైన ఒకానొక ప్రతీతి అది.

పూర్వమార్గ యాత్రలో ఈ న్యాయం ఒక వింత మలుపు తీసుకుంటుంది. ఇక్కడ వాహనం బొమ్మ కాదు. 1954 నుంచి 1968 వరకు తయారైన 2,876 రూట్‌మాస్టర్ బస్సులలో అది ఒకటి. 1956 ఫిబ్రవరి 8న లండన్ 2వ నంబరు మార్గంలో తొలిసారి ప్రయాణికులను ఎక్కించుకొన్న జాతికి చెందిన అసలు వాహనం. అరవై నాలుగు సీట్లు, వెనుక వైపు తలుపు లేని ఎక్కుడుమెట్టు, ముందు విడిగా డ్రైవరు గది – ఏదీ అనుకరణ కాదు. రోడ్డు నిజం, స్టాపు నిజం, ఇంజను చప్పుడు నిజం. చిత్రితమైనది ఒక్కటే, ప్రయాణం. శంకుకుని ఉదాహరణలో గుర్రమే చిత్రం. ఇక్కడ గుర్రం నిజం, స్వారీ చిత్రం.

2005 డిసెంబరు 9న 159వ నంబరు మార్గంలో రూట్‌మాస్టర్ల నిత్యసేవ ముగిసింది. మార్గం మాత్రం ముగియలేదు, నేటికీ 159 నంబరుతో ఆధునిక బస్సులు రోజూ నడుస్తున్నాయి. ఇటువంటి సజీవ మార్గం మీద పాత బస్సును ఒక రోజు నడిపితే, పనికి వెళ్ళేవాడు దాన్ని వదిలి వెనుక వచ్చే మామూలు బస్సెక్కుతాడు, అభిమాని మామూలు బస్సును వదిలి పాత బస్సెక్కుతాడు. ఒకే స్టాపులో, ఒకే నంబరు కింద రెండు భిన్నమైన ప్రయాణాలు నిలబడి ఉంటాయి. మొదటిదానికి గమ్యం ఉంది, రెండవదానికి వాహనమే గమ్యం.

శంకుకుని అనుకరణవాదాన్ని ఖండిస్తూ భట్టతౌతుడు లేవనెత్తిన ప్రశ్న ఇక్కడ మరింత పదునెక్కుతుంది. అనుకరణ అంటున్నది ఎవరి దృష్టితో? మూలాన్ని చూసినవాడే కదా అనుకరణను అనుకరణగా గుర్తించగలిగేది! రూట్‌మాస్టర్‌కు ముందుతరానికి చెందిన ఆర్.టి. రకం బస్సులు లండన్ నిత్యసేవ నుంచి 1979 ఏప్రిల్‌లోనే నిష్క్రమించాయి. ఆ తర్వాత పుట్టినవారెవరూ ఆ బస్సును దాని సహజ జీవితంలో చూడలేదు. అయినా నేటి యాత్రల్లో ఆ బస్సు కోసం వచ్చే యువకులు ఉన్నారు. వారి మమకారం సొంత స్మృతి నుంచి వచ్చినది కాదు. ఛాయాచిత్రాల నుంచి, పెద్దల కథనాల నుంచి, గత యాత్రల నుంచి సంక్రమించినది. అంటే యాత్ర గతాన్ని గుర్తు చేయడమే కాక, గతాన్ని చూడనివారికి ఒక గతాన్ని నిర్మించి ఇస్తున్నది. అందుచేత ఆ నిర్మాణంలో ఏమేమి చేరుతున్నాయన్నది కేవలం అభిరుచికి చెందిన విషయంగా మిగలదు.

4. నైశిత్యం ఆగిపోయే చోటు:

వాహనం విషయంలో అభిమానుల నైశిత్యం అసాధారణమైనది. ఏ ఏడాది ఏ ఎరుపు రంగు వాడారు, సీటు మీది గళ్ళబట్ట ఏ నమూనాది, బోర్డు మీది అక్షరాల కొలత ఎంత అన్న విషయాల్లో వారి జ్ఞానం ఏ పరిశోధకునికీ తీసిపోదు. రాఫేల్ శామ్యూల్ 1994లో వెలువరించిన ‘థియేటర్స్ ఆఫ్ మెమరీ’ గ్రంథంలో ఇటువంటి జనసామాన్య చరిత్రజ్ఞానాన్ని గౌరవించాలని వాదించాడు. అంతకుముందు 1987లో రాబర్ట్ హ్యూయిసన్ ‘ది హెరిటేజ్ ఇండస్ట్రీ’లో వారసత్వ వ్యాపారాన్ని వర్తమానం నుంచి ముఖం చాటేయడంగా విమర్శించాడు. పూర్వమార్గ యాత్రలకు శామ్యూల్ వాదమే ఎక్కువగా వర్తిస్తుంది. ఎందుకంటే ఇవి పైనుంచి వచ్చిన పర్యాటక ప్రణాళికలు కావు. మరమ్మతు తెలిసిన చేతులు, పొదుపు చేసిన డబ్బు, ఆదివారాల శ్రమ వీటికి పునాది.

అయితే ఈ నైశిత్యం వాహనం అంచు దగ్గర ఆగిపోవడం గమనార్హం. యాత్రల ప్రకటనల్లో సాధారణంగా బస్సు నంబరు, తయారీ సంవత్సరం, షెడ్డు పేరు ఉన్నంత నిండుగా ఆ బస్సు మీద పనిచేసినవారి వివరాలు ఉండవు. రూట్‌మాస్టర్ తొలిసారి రోడ్డెక్కిన 1956లోనే లండన్ ట్రాన్స్‌పోర్ట్ సంస్థ సిబ్బంది కొరత తీర్చుకోవడానికి బార్బడోస్ దీవిలో నేరుగా నియామకాలు ప్రారంభించింది. 1966లో ట్రినిడాడ్, జమైకాలకు ఆ నియామకాలు విస్తరించాయి. అరవైల నాటి లండన్ బస్సును యథాతథంగా చూపాలంటే, సముద్రం దాటి వచ్చి చలిలో ఆ మెట్టు మీద నిలబడిన కండక్టరు లేకుండా చిత్రం పూర్తి కాదు.

ఇతర నగరాల బస్సుల చరిత్ర మరింత సూటిగా మాట్లాడుతుంది. బ్రిస్టల్‌లో నల్లజాతివారిని, ఆసియావారిని బస్సు సిబ్బందిగా తీసుకోరాదన్న విధానానికి వ్యతిరేకంగా 1963 ఏప్రిల్ 30న బస్సుల బహిష్కరణోద్యమం మొదలైంది. పాల్ స్టీఫెన్‌సన్, రాయ్ హ్యాకెట్ తదితరులు నడిపిన ఆ ఉద్యమానికి తలొగ్గి ఆగస్టు 28న సంస్థ తన విధానాన్ని విడిచిపెట్టింది. సెప్టెంబరులో ఆ నగరంలో శ్వేతేతరుడైన తొలి కండక్టరుగా విధుల్లో చేరిన వ్యక్తి రఘ్‌బీర్ సింగ్ అనే సిక్కు. వూల్వర్‌హాంప్టన్‌లో తలపాగా, గడ్డంతో బస్సు నడిపే హక్కు కోసం 1967లో తర్సేమ్ సింగ్ సంధూ నిలబడగా, 1969లో గానీ ఆ నిషేధం తొలగలేదు. ఆ కాలపు బ్రిస్టల్ లోడెక్కా బస్సును మెరిసేలా రంగు వేసి నడిపినప్పుడు, దాని ఎత్తు తగ్గించిన నిర్మాణ చాతుర్యం ఎంత చరిత్రో, దాని మెట్టు మీద ఎవరు నిలబడవచ్చునన్న వివాదమూ అంతే చరిత్ర.

స్త్రీల విషయమూ అంతే. లండన్ బస్సుల్లో స్త్రీలు యుద్ధకాలం నుంచి కండక్టర్లుగా విరివిగా పనిచేసినా, డ్రైవరు సీటు వారికి దక్కినది 1974లోనే. వికలాంగుల విషయం ఇంకా తీవ్రమైనది. అభిమానులకు అత్యంత ప్రియమైనది వెనుకవైపు తలుపు లేని మెట్టు. కదులుతున్న బస్సును అందుకొని ఎక్కే స్వేచ్ఛకు అది ప్రతీక. చక్రాల కుర్చీలో ఉన్న మనిషికి అదే మెట్టు మూసిన తలుపు. 1990ల దశకంలో వికలాంగుల హక్కుల కార్యకర్తలు లండన్ వీధుల్లో తమను తాము బస్సులకు సంకెళ్ళతో బంధించుకొని నిరసన తెలిపారు. అందరూ ఎక్కగల బస్సులను నిర్బంధం చేస్తూ 2000లో నియమావళి వచ్చింది. రూట్‌మాస్టర్ నిష్క్రమణకు ఇది ఒక్కటే కారణం కాదు, కండక్టరు జీతాన్ని ఆదా చేసే ఏకవ్యక్తి నిర్వహణ కూడా బలమైన కారణమే. ఆ నిష్క్రమణలో ఒకరి ఉపాధి పోయింది, మరొకరికి ప్రయాణం దక్కింది. ఈ రెండూ కలిసి ఉన్న సంక్లిష్ట చరిత్రను ‘మంచి రోజులు పోయాయి’ అన్న ఒక్క భావంలోకి కుదించడం కుదరదు.

స్వెత్లానా బాయిమ్ 2001లో ప్రచురించిన ‘ది ఫ్యూచర్ ఆఫ్ నాస్టాల్జియా’లో గతకాలపు మమకారాన్ని రెండుగా విభజించింది. పోయిన ఇంటిని యథాతథంగా తిరిగి కట్టాలనుకునేది ఒకటి. పోవడాన్నే తలచుకుంటూ, దాని గురించి ఆలోచించేది మరొకటి. మొదటిది పునఃస్థాపకం, రెండవది చింతనాత్మకం. లండన్ యాత్రలు వాహనం విషయంలో మొదటి కోవకు చెందుతాయి. రెండవ కోవకు ఎదిగే అవకాశం వాటికి ఉంది. ఆ అవకాశం ఎలా నెరవేరుతుందో చూపే ఉదాహరణ లండన్‌కు పడమరగా, విల్ట్‌షైర్ మైదానంలో కనిపిస్తుంది.

5. ఇంబర్ – మార్గం లేని ఊరికి మార్గం:

సాలిస్‌బరీ మైదానం నడుమ ఉన్న ఇంబర్ పురాతన గ్రామం. డూమ్స్‌డే గ్రంథంలోనే దాని ప్రస్తావన ఉంది. రెండు ప్రపంచ యుద్ధాల మధ్యకాలంలో సైనిక శాఖ చుట్టుపక్కల భూములను క్రమంగా కొనుగోలు చేయడంతో గ్రామస్థుల్లో అత్యధికులు ఆ శాఖకు కౌలుదార్లుగా మారారు. 1943 నవంబరు 1న గ్రామస్థులను సమావేశపరచి, 47 రోజుల్లో ఊరు ఖాళీ చేయాలని ఆదేశించారు. ఐరోపా దండయాత్రకు అమెరికా సైనికులను సిద్ధం చేయడం కోసం ఆ ఊరు కావలసివచ్చింది. డిసెంబరు 17 నాటికి దాదాపు నూటయాభై మంది ఇళ్ళు విడిచి వెళ్ళారు. యుద్ధం ముగిశాక తిరిగి వస్తామన్న నమ్మకంతో వెళ్ళారు. ఆ నమ్మకం నెరవేరలేదు. 1961లో రెండువేల మందికి పైగా ఆ ఊరికి చేరి నిరసన తెలిపినా, అనంతరం జరిగిన విచారణ సైన్యం పక్షాన్నే నిలిచింది. 1970లలో ఉత్తర ఐర్లండ్‌కు వెళ్ళే సైనికుల శిక్షణ కోసం అక్కడ కిటికీలు లేని ఇళ్ళ డొల్లలు కట్టారు. పాత ఊరిలో చెప్పుకోదగినట్టు నిలిచినది సెయింట్ జైల్స్ చర్చి ఒక్కటే. ఏడాదిలో కొద్ది రోజులు మాత్రమే సాధారణ ప్రజలకు ఆ రోడ్లు తెరుస్తారు.

2009లో ఈ ఊరికి ఒక బస్సు మార్గం పుట్టింది. నాటి లండన్ రవాణా సంస్థ కమిషనర్ పీటర్ హెండీ దాని రూపకర్తల్లో ఒకరు. వార్మిన్‌స్టర్ రైల్వే స్టేషన్ నుంచి ఏడాదికి ఒక్క రోజు, సాధారణంగా ఆగస్టులో ఒక శనివారం, 23ఎ నంబరుతో బస్సులు నడుస్తాయి. ఇంబర్ దాటి మైదానం అంచు ఊళ్ళకూ వెళతాయి. తొలి ఏడాది నాలుగు బస్సులతో మొదలైన సేవ తర్వాతి ఏళ్ళలో ఎన్నో రెట్లు పెరిగింది. రూట్‌మాస్టర్లతో పాటు కొత్త బస్సులు కూడా పాల్గొనడం మొదలైంది. వచ్చిన ఆదాయాన్ని చర్చి నిర్వహణకు, మాజీ సైనికుల సంక్షేమ సంస్థ రాయల్ బ్రిటిష్ లీజియన్‌కు ఇస్తారు.

చారిత్రక యథార్థత దృష్టితో ఇది దోషభూయిష్టం. లండన్ ఎర్రబస్సులకు ఇంబర్‌తో పూర్వసంబంధం లేదు. 1943లో ఊరు ఖాళీ అయ్యేనాటికి రూట్‌మాస్టర్ పుట్టనే లేదు. పూర్వమార్గ యాత్రల నైశిత్య ప్రమాణంతో కొలిస్తే ఈ సేవ మొదటి మెట్టులోనే తేలిపోవాలి. కానీ ఇతర యాత్రలు చేయలేని పని ఇది చేస్తున్నది.

మొదటిది, ఇక్కడ ప్రయాణికునికి బస్సు నిజంగా అవసరం. సొంత వాహనం లేని మనిషి ఇంబర్ చేరడానికి ప్రజారవాణా ఆ ఒక్క రోజే ఉంది. లండన్‌లో గుర్రం నిజమై స్వారీ చిత్రంగా మిగిలితే, ఇంబర్‌లో స్వారీ కూడా నిజమైంది. బస్సు దిగినవాడు ఒక చోటికి చేరుకుంటాడు. చర్చిలోకి వెళతాడు, సమాధుల మీది పేర్లు చదువుతాడు, నిషేధ హెచ్చరికల బోర్డుల మధ్య నిలబడతాడు.

రెండవది, బోర్డు మీద ఊరి పేరు ఉండడంలోని అర్థం. బస్సు నుదుట ‘ఇంబర్’ అన్న పేరు కనబడినప్పుడు, వేళల పట్టికలో ఆ పేరు పక్కన రాకపోకల వేళలు అచ్చయినప్పుడు, ఆ ఊరు తక్కిన ఊళ్ళ వరుసలోకి తిరిగి వస్తుంది. ఊరంటే మనిషి వెళ్ళి తిరిగి రాగల చోటు. ఈ సామాన్య హక్కునే 1943లో ఇంబర్ కోల్పోయింది. నినాదం లేకుండా, ఆరోపణ లేకుండా, ఒక వేళల పట్టిక ఆ హక్కును గుర్తు చేస్తున్నది. ఆ పట్టికలో చివరి బస్సు వేళ కూడా ఉంటుంది. సాయంత్రమయ్యేసరికి అందరూ వెళ్ళిపోవలసిందే. రాత్రి అక్కడ నిద్రించే హక్కు ఎవరికీ లేదు. కాబట్టి ఈ ప్రయాణం పునఃస్థాపన భ్రమను కలిగించదు. పోయినది పోయిందన్న ఎరుకను ప్రతి చివరి బస్సుతోనూ నిర్ధారిస్తుంది. బాయిమ్ చెప్పిన చింతనాత్మక మమకారానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకడం కష్టం.

దీనిలో లోపాలు లేవని కాదు. వరుసగా నిలిచిన ఎర్రబస్సుల శోభలో ఊరు ఫొటోకు నేపథ్యంగా మారే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. నిర్వాసితుల దుఃఖం మీద తిరునాళ్ళ సందడి కప్పుకోవచ్చు. సైన్యం అనుమతితోనే జరిగే కార్యక్రమం సైన్యాన్ని ప్రశ్నించగలదా అన్న సందేహమూ న్యాయమైనదే. ఐనా, ఏ రోడ్డు తెరిచినా సొంత కారున్నవారికే దారి దొరికే కాలంలో, నిర్వాసిత గ్రామాన్ని సామూహిక ప్రయాణం ద్వారా సందర్శించే వీలు కల్పించడం విలువైన విషయం. ఒకే బస్సులో అభిమాని, ఊరితో బంధుత్వమున్న కుటుంబం, ఏమీ తెలియని పర్యాటకుడు పక్కపక్కన కూర్చుంటారు. వ్యక్తిగతమైన మమకారం సాధారణీకరణం పొందడానికి ఆ సహప్రయాణం తావిస్తుంది.

6. తెలుగు నేలకు సంబంధించిన ప్రశ్న:

ఈ చర్చ తెలుగు ప్రాంతాలకు పరాయిది కాదు. నిజాం రాష్ట్ర రైల్వే తన రోడ్డు రవాణా విభాగాన్ని 1932లో 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో ప్రారంభించింది. ఆ వారసత్వమే 1958 జనవరి 11న ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థలోకి ప్రవహించింది. హైదరాబాద్ వీధుల్లో దశాబ్దాల పాటు తిరిగిన డబుల్ డెక్కర్ బస్సులు ఈ శతాబ్ది తొలి సంవత్సరాల్లో కనుమరుగయ్యాయి. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ మూడు విద్యుత్ డబుల్ డెక్కర్ బస్సులను ప్రవేశపెట్టింది. పాత బస్సుల జ్ఞాపకమే వాటికి ప్రేరణ అని చెప్పుకున్నా, అవి పర్యాటకులకు హుస్సేన్ సాగర్ పరిసరాలను చూపే వాహనాలుగా తిరిగాయి. వాహనం పాతది కాదు, ప్రయాణం నిత్యావసరం కాదు. రెండంతస్తుల ఆకారం మాత్రమే గతం నుంచి వచ్చింది. శంకుకుని పరిభాషలో ఇక్కడ గుర్రమూ చిత్రమే, స్వారీ కూడా చిత్రమే.

తెలుగువారి స్మృతిలో బస్సుకున్న చోటు రెండంతస్తుల ఆకారానికి పరిమితం కాదు. పట్నం తీరు తెలియని పల్లెటూరి మనిషిని ‘ఎర్రబస్సెక్కి వచ్చాడు’ అని ఎగతాళి చేసే మాట భాషలో ఉంది. ఆ ఎగతాళి వెనుక ఒక చరిత్ర ఉంది. పల్లెను కాలేజీకి, ఆసుపత్రికి, కోర్టుకు, అంగడికి కలిపినది ఆ ఎర్రబస్సే. రాత్రికి ఊళ్ళోనే నిలిచి తెల్లవారుజామున బయలుదేరే నైట్ హాల్ట్ బస్సు వెళ్ళిపోతే పట్నంలో పని ఆ రోజుకు తప్పినట్టే. కూరగాయల గంపలు, పాలక్యాన్లు, పరీక్షకు వెళ్ళే పిల్లలు, పుట్టింటికి వెళ్ళే ఆడపడుచులు, ఆ బస్సు లోపలి సమాజం ఇది. డ్రైవరు, కండక్టరు పంచాయతీ అరుగు మీద నిద్రించి, ఊరి ఇంట అన్నం తిన్న సంబంధం ఏ వేళల పట్టికలోనూ నమోదు కాలేదు.

ఇక్కడ పూర్వమార్గ యాత్ర వంటిది ఎవరైనా తలపెడితే, లండన్ నమూనా కంటే ఇంబర్ నమూనా ఎక్కువ ఆలోచింపజేస్తుంది. జలాశయాల కింద మునిగిన ఊళ్ళు కృష్ణా, గోదావరి లోయల్లో ఉన్నాయి. శ్రీశైలం ప్రాజెక్టు ముంపు గ్రామాలు, పోలవరం నిర్వాసిత గ్రామాలు ఇందుకు ఉదాహరణలు. ఆ ఊళ్ళ పేర్లు బస్సు బోర్డుల మీద నుంచి ఏనాడు తొలగాయో, ఆ తొలగింపును ఎవరు ఎలా గుర్తుంచుకున్నారో నమోదు చేయడం పరిశోధకుల ముందున్న పని. డిపోల పాత వేళల పట్టికలు, విశ్రాంత డ్రైవర్ల, కండక్టర్ల మౌఖిక కథనాలు, నిర్వాసితుల జ్ఞాపకాలు ఈ పరిశోధనకు ఆధారాలు కాగలవు. తుక్కుకు పోయిన బస్సును తిరిగి తీసుకురాలేము. దానిలో ప్రయాణించిన తరం మాట్లాడగలిగి ఉన్నప్పుడే ఆ మార్గాన్ని నమోదు చేయగలము.

7. ముగింపు:

పై పరిశీలన వల్ల కొన్ని నిర్ధారణలకు రావచ్చు. బస్సు మార్గం భౌతికమైన వస్తువు కాదు, జనం నమ్మకం మీద నిలిచిన సంబంధం. అందుచేత దాన్ని నడిపి చూపడం తప్ప మరో విధంగా కాపాడలేము. ఈ అర్థంలో పాత బస్సుల పూర్వమార్గ యాత్రలు గౌరవించదగిన సాంస్కృతిక చర్య. అయితే వాహన వివరాల్లో చూపే నైశిత్యం మనుషుల చరిత్ర దాకా విస్తరించనంతకాలం, ఆ యాత్రలు గుర్రాన్ని కాపాడి రౌతును మరచినట్టవుతుంది. బార్బడోస్ నుంచి వచ్చిన కండక్టరు, బ్రిస్టల్‌లో ఉద్యోగం నిరాకరింపబడినవాడు, మెట్టు ఎక్కలేక ఆగిపోయిన వికలాంగుడు కూడా ఆ మార్గానికి చెందినవారే.

ఇంబర్ ఉదాహరణ నైశిత్యానికీ సార్థకతకూ ఉన్న భేదాన్ని స్పష్టం చేసింది. అక్కడి బస్సు ఆ ఊరిది కాదు, నంబరు కల్పితం. కానీ అవసరం నిజం, చేరే చోటు నిజం, నష్టం నిజం. పూర్వమార్గ యాత్రను అంచనా వేయడానికి ‘బస్సు ఎంత అసలైనది’ అన్న ప్రశ్న చాలదు. ఈ మార్గం ఎవరి కోసం ఉండేది, వారు ఇప్పుడు ఎక్కడ ఉన్నారు, ఈ ప్రయాణం ఆ సంగతిని ప్రయాణికునికి తెలియజేసిందా అన్న ప్రశ్నలూ అడగాలి. వాటికి సమాధానం చెప్పగలిగిన యాత్ర, బోర్డు మీది అక్షరాల కొలత తప్పినా, తన పని చేసినట్టే.